మీరే వాయించిన బాఖ్‌కి కాపీరైట్ క్లెయిమ్ వస్తే: సమస్య - పరిష్కారం

ముందు ఒకటి చూసుకోండి. వచ్చింది క్లెయిమా, స్ట్రైకా? యూట్యూబ్‌లో క్లెయిమ్ (ఇందులో మాది ఉందని హక్కుదారులు అనడం) ఆ ఒక్క వీడియోకే పరిమితం. ప్రకటనల ఆదాయం వేరేవాళ్లకు పోతుంది, లేదా వీడియో కొన్ని దేశాల్లో కనిపించదు. స్ట్రైక్ (హక్కుదారులు తొలగింపు కోరితే వచ్చే హెచ్చరిక) మాత్రం ఛానల్ మీద పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు.

సమస్య: వాయించింది మీరే, రచన పాతది, అయినా ఏదో రికార్డు కంపెనీ క్లెయిమ్ చేసింది

కారణం: జర్మన్ స్వరకర్త బాఖ్ 1750లో మరణించారు. ఆ రచన మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, హక్కు ఉన్నది ఒక్కో రికార్డింగ్ మీదే. కంపెనీలు ఇచ్చిన రికార్డింగుల ఫింగర్‌ప్రింట్లతో (ఒక్కో రికార్డింగ్‌ను గుర్తుపట్టే డిజిటల్ గుర్తులతో) యూట్యూబ్ యంత్రం కంటెంట్ ఐడీ మీ ఆడియోను పోలుస్తుంది. స్వరాలు అవే, శ్రుతి అదే, వేగం దాదాపు అంతే అయితే రెండూ ఒకటేనని పొరబడవచ్చు. ఇద్దరు పియానిస్టుల తాకిడిలో ఉన్న తేడా, సంగీతానికి ప్రాణమైన ఆ తేడా, దాని లెక్కలోకి రాకపోవచ్చు. 2018లో పియానిస్టు జేమ్స్ రోడ్స్ బాఖ్ వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు తమవని సోనీ మ్యూజిక్ పేరిట క్లెయిమ్ వచ్చింది.

పరిష్కారం: యూట్యూబ్ స్టూడియోలో క్లెయిమ్ వివరాలు తెరవండి. ఏ సెకన్లు, ఎవరి రికార్డింగ్ అన్నది అక్కడ ఉంటుంది. దొరికితే ఆ రికార్డింగ్ వినండి, తర్వాత డిస్ప్యూట్ (క్లెయిమ్‌పై అభ్యంతరం) వేయండి.

చాలామంది తప్పేది ఇక్కడే. "ఇది పాత రచన, పబ్లిక్ డొమైన్" అని మాత్రం రాసి వదిలేస్తారు. అవతలివాళ్లు అడుగుతున్నది రికార్డింగ్ గురించి కాబట్టి అది సగం జవాబే. ఇలా రాయండి: "రచన ఫలానా. స్వరకర్త 1750లో మరణించారు. ఈ ప్రదర్శన నాది, ఫలానా తేదీన నేనే రికార్డు చేశాను. ఇందులో వేరెవరి రికార్డింగూ లేదు." ఫెయిర్ యూజ్ (వేరొకరిది న్యాయమైన మేరకే వాడుకున్నామనే వాదన) అని ఎంచుకోవద్దు. అలా అంటే వాళ్ల రికార్డింగ్ వాడుకున్నామని ఒప్పుకున్నట్టే.

క్లెయిమ్ వచ్చిన ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచీ ఆదాయాన్ని వివాదం తేలేదాకా పక్కన పెడతారు. జవాబుకు వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. జవాబు రాకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. తిరస్కరిస్తే అప్పీల్ చేయండి, దానికి జవాబివ్వడానికి వాళ్లకు గడువు 7 రోజులు. అప్పీల్ తర్వాత కూడా వాళ్లు పట్టుబట్టి తొలగింపు కోరితే స్ట్రైక్ పడే ప్రమాదం ఉంది. అందుకే ఎడిట్ చేయని అసలు ఆడియో, వీడియో ఫైళ్లు దాచి ఉంచుకుని మరీ అప్పీల్‌కు వెళ్లండి. క్లెయిమ్ పడిన భాగాన్ని మ్యూట్ చేస్తే గొడవ తీరుతుంది గానీ, సొనాటా మధ్యలో నిశ్శబ్దం మిగులుతుంది. అది మేం సూచించం.

సమస్య: లైవ్ మధ్యలో ఆగిపోయింది

కారణం: లైవ్‌ను కూడా యంత్రం వింటూనే ఉంటుంది. చాలాసార్లు దొరికేది కచేరీ కాదు, మొదలయ్యే ముందో విరామంలోనో హాల్లో వేసిన రికార్డింగ్. అది నిజమైన మ్యాచే.

పరిష్కారం: విరామంలో మిక్సర్ నుంచి స్ట్రీమ్‌కు వెళ్లే ఆడియోను మ్యూట్ చేయండి. ముందురోజు రిహార్సల్‌ను ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేస్తే ఏ భాగం చిక్కుతుందో చెక్స్ దశలో కొంతవరకు తెలుస్తుంది. లైవ్ నడుస్తుండగా డిస్ప్యూట్‌కు సమయం ఉండదు. కాబట్టి విడి రికార్డర్‌లో పూర్తి కచేరీ రికార్డు చేసుకోండి, లైవ్ తెగినా తర్వాత అప్‌లోడ్ చేయవచ్చు.

సమస్య: మీ సొంత ఆల్బమే మీ వీడియోను క్లెయిమ్ చేసింది

మీ డిస్ట్రిబ్యూటర్ (ఆల్బమ్‌ను ఆన్‌లైన్ సేవలకు చేర్చే సంస్థ) ఆల్బమ్‌ను కంటెంట్ ఐడీలో చేర్చి ఉంటారు. ఛానల్ లింకు పంపి, దాన్ని మినహాయింపు జాబితాలో పెట్టమనండి.

సమస్య: డిస్ప్యూట్ వేసినా ఓడిపోయారు

క్లెయిమ్ న్యాయమైనదేమో చూడండి. రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ 1975లో మరణించారు, మరణానంతరం 70 ఏళ్ల హక్కు ఉన్న దేశాల్లో ఆయన రచనలకు 2045 చివరి దాకా రక్షణ ఉంటుంది. పాత కాన్సెర్టోలోనైనా (ఆర్కెస్ట్రాతో సోలో వాద్యం వాయించే రచన) కాడెంజా, అంటే సోలో వాద్యకారుడు ఒంటరిగా వాయించే భాగం, ఆధునికులది కావచ్చు. కొన్న ఆర్కెస్ట్రా ట్రాక్ మీద వాయిస్తే ఆ ట్రాక్ వేరొకరి రికార్డింగే, దాని లైసెన్స్ ఆన్‌లైన్ ప్రసారానికి వర్తిస్తుందో లేదో అమ్మినవాళ్లను రాతపూర్వకంగా అడగండి.