చెయ్యి దూరని అద్దాల గూడులో పాచి, నాచు వదిలించడం ఎలా?

ఇచ్ఛాపురం, పలాస మొదలుకొని పర్లాకిమిడి, గుణుపురం దాకా ఏ వీధిలో నడిచినా ప్రహరీ పక్కనో, మేడమెట్ల మలుపులోనో ఒక అద్దాల గూడు కనిపిస్తుంది. లోపల వినాయకుడో, ఆంజనేయుడో, జగన్నాథుడో ఉంటాడు. కట్టిన ఏడాది కళకళలాడుతుంది. రెండో వానాకాలం గడిచేసరికి స్వామి పచ్చటి తెర వెనక్కి వెళ్లిపోతాడు. ముందు అద్దం ఎవరైనా తుడుస్తారు. చిక్కంతా వెనక అద్దానికీ గోడకూ మధ్య ఉన్న రెండు మూడు అంగుళాల సందుతోనే. లోపలి పక్కదీ అదే బాధ. తలుపు చిన్నది, విగ్రహం పక్కన చెయ్యి తిరగదు.

ముందుగా ఒక మాట. ప్రతిష్ఠ చేసిన విగ్రహమైతే పూజారిని అడగకుండా గూడు తెరవకండి.

పట్టినదేమిటో తేల్చుకోండి

తడి వేలితో అద్దం మీద రుద్దండి. పచ్చగా జారుతూ వచ్చేస్తే పాచి. మూలల్లో, సిలికాన్ అతుకుల వెంట మెత్తటి కుచ్చుల్లా ఉంటే నాచు. వేలికి నల్లగా, జిడ్డుగా అంటితే దీపం మసి, కర్పూరం పొగ. తెల్లగా ఉండి గోటికి గరుకుగా తగిలితే బోరునీటి ఉప్పు, లేదా దిమ్మలోంచి ఊరిన సిమెంటు సున్నం. ఒకే అద్దం మీద ఇవన్నీ పొరలు పొరలుగా ఉండటం మామూలే. అందుకే వరస తప్పకూడదు. ముందు నాచు, తర్వాత జిడ్డు, ఆ తర్వాత పాచి, చివర్న సున్నం. జిడ్డు ఉండగా ఏ మందు కొట్టినా నూనె పొర మీదుగా జారిపోతుంది, కింద పాచి చెక్కుచెదరదు. "ఎంత కడిగినా పోవడం లేదు" అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

సిద్ధం చేసుకోవాల్సినవి

- మంచానికి అల్లే నవారు 9 అడుగులు, పాత లుంగీ గుడ్డ
- ముప్పావు అంగుళం వెడల్పు, 3 అడుగుల పొడవున్న వెదురు బద్ద, చివర్లు ఉలితో నున్నగా చేసినది
- అక్వేరియం దుకాణంలో దొరికే జంట అయస్కాంతాల క్లీనర్, మీ అద్దం మందానికి సరిపోయేది
- గిన్నెలు తోమే ద్రవం, తెల్ల వెనిగర్
- మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్. సాధారణంగా 6 శాతంది ఇస్తారు. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. కలిపినదాన్ని ఆ పూటే వాడేయాలి, నిల్వ ఉండదు
- స్ప్రే సీసా, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, రెండు బకెట్లు

స్టీలు పీచు, ఇసుక, తోముడు పొడి అద్దం దగ్గరికి రానివ్వకండి.

వానలు తగ్గాక, వరసగా రెండు పొడి రోజులు ఉన్నప్పుడు, పొద్దున ఏడింటికి మొదలుపెట్టండి. ఎండెక్కిన అద్దం మీద సబ్బునీళ్లు నిమిషంలో ఆరిపోయి చారలు మిగులుతాయి. గూట్లో సీరియల్ బల్బులు, ఎల్‌ఈడీ పట్టీలు ఉంటే స్విచ్ కట్టడం చాలదు, మెయిన్ కట్టేయండి. నిచ్చెన 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున గోడకు ఎడంగా ఉండాలి. ఇటుకలు పేర్చి ఎక్కే పని పెట్టుకోకండి. చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి మూలల్లో కందిరీగలు ఉన్నాయేమో చూసుకోండి. మన వైపు గూళ్లలో పాచి తర్వాత కాపురం పెట్టేది అవే.

విగ్రహాన్ని ప్లాస్టిక్ కవరుతో చుట్టి, అడుగున తాడుతో కట్టండి. పెరాక్సైడ్ తగిలితే రంగులు వెలిసిపోతాయి, ఇత్తడి, రాగి నల్లబడతాయి.

నాచు తీయడం

నాచుకు వేళ్లు ఉండవు, సన్నటి నూలుపోగుల్లాంటివి పట్టుకుని ఉంటాయి. ఎండినప్పుడు గోకితే పొడిపొడిగా రాలుతుంది, రాలిన ముక్క తడి తగిలిన చోట మళ్లీ మొలుస్తుంది. అందుకని కాస్త నీళ్లు చిలకరించి పది నిమిషాలు ఆగండి. వెదురు బద్ద అంచుతో కింద నుంచి ఎత్తితే చాపలా లేస్తుంది. కింద ముందే పాత గోనె పరిచి, రాలిందంతా పోగుచేసి పారేయండి. కాలువలోకి నెట్టొద్దు. సిలికాన్ మీద గట్టిగా గోకితే అతుకు చిరుగుతుంది, ఆ చిరుగులోనే వచ్చే ఏడు మళ్లీ నాచు పడుతుంది.

వెనక సందు: నవారు పద్ధతి

లుంగీ గుడ్డను నవారు నడిమి భాగానికి చుట్టి కుట్టేయండి. పైన కప్పు లేకపోతే నవారు ఒక చివరకు బరువుగా ఒక నట్టు కట్టి సందులోకి వదిలి, అవతలి పక్క నుంచి అందుకోండి. పైన కప్పు ఉంటే వెదురు బద్దకు కట్టి అడ్డంగా తోయండి. ఇప్పుడు నవారు వెనక అద్దాన్ని చుట్టి ఉంటుంది, రెండు కొసలు రెండు పక్కలా ఇద్దరి చేతుల్లో ఉంటాయి.

లీటరు నీళ్లకు రెండు చెంచాల గిన్నెల ద్రవం కలిపి సందులోకి స్ప్రే చేసి, పది నిమిషాలు నాననివ్వండి. తర్వాత ఇద్దరూ కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగాలి. కొసలను కొంచెం ముందుకు పట్టుకుని లాగితేనే గుడ్డ అద్దానికి అతుక్కుంటుంది. గోడవైపు పట్టుకుంటే అద్దానికి దూరంగా ఊగుతుంది, ఎంత లాగినా పాచి పోదు. అలాగని బలం చూపించారో, గూడే దిమ్మ మీద కదులుతుంది. మజ్జిగ చిలికేంత చాలు. పైనుంచి మొదలుపెట్టి, పది లాగుళ్లకోసారి నవారును నాలుగు అంగుళాలు దించుతూ రండి. మధ్యమధ్య తీసి గుడ్డ జాడించాలి. అల్యూమినియం అంచుల దగ్గర నవారు పోగులు లేచాయేమో అప్పుడే చూసుకోండి.

జిడ్డు పోయాక 3 శాతం పెరాక్సైడ్ కొట్టి పది నిమిషాలు ఆగి, మళ్లీ ఒక విడత లాగండి. పెరాక్సైడ్ చివరికి నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి మూసిన గూడుకు బ్లీచింగ్ కంటే ఇదే నయం.

సిమెంటు దిమ్మ మీద పట్టిన పాకుడుకు మాత్రం బ్లీచ్ ద్రవం ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి బ్రష్‌తో పూసి, పది నిమిషాలకు బాగా కడగండి. అల్యూమినియానికి, తులసికోటకు తగలనివ్వకండి. బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది. అందుకే బ్లీచ్ ఒక రోజు, వెనిగర్ ఇంకో రోజు.

లోపలి పక్క

అయస్కాంతాల జంటలో ఒకటి లోపల, ఒకటి బయట. లోపలి దానికి గట్టి దారం కట్టి కొస తలుపు బయట ఉంచండి. జారి పడితే లాగి తీయడానికి అదే దిక్కు. వెదురు బద్ద మీద పెట్టి లోపలికి పంపి, బయట నుంచి రెండోది ఆనిస్తే టక్కున పట్టుకుంటాయి. అద్దం తడిగా ఉన్నప్పుడే కదపండి. రెండింటి మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా అద్దం మీద శాశ్వతంగా గీత పడుతుంది, కాబట్టి ముందు నీళ్లు స్ప్రే చేసి దుమ్ము దించేయాలి. చట్రం ఇనుముదైతే అంచుకు రెండు అంగుళాల ముందే ఆగండి, లేకపోతే అయస్కాంతం వెళ్లి దానికి అంటుకుంటుంది. మూలలకు వెదురు బద్ద చివర గుడ్డ చుట్టి వాడండి.

అద్దమా, ప్లాస్టిక్ పలకా అని అనుమానమొస్తే గోటితో తట్టండి. ప్లాస్టిక్ డొల్లగా పలుకుతుంది. దాని మీద స్పిరిట్ వాడితే సన్నటి పగుళ్లు వస్తాయి.

తెల్ల మరకలు

మర్నాడు వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ తడిపి మరక మీద పావుగంట అంటించి ఉంచండి. పాలరాతి విగ్రహానికీ సిమెంటుకూ ఇది తగలకూడదు, రెండింటినీ తింటుంది. రెండుసార్లు చేసినా మబ్బు పోకపోతే అది మరక కాదు. ఏళ్లతరబడి తడి నిలిచి అద్దం పైపొరే దెబ్బతింది. ఇక ఎంత రుద్దినా శ్రమే తప్ప ఫలితం ఉండదు, ఆ పలక మార్చుకోవాలి.

చివరి కడుగుడు ఫిల్టరు నీళ్లతో చేయండి. బోరునీళ్లతో కడిగితే ఆరగానే మళ్లీ తెల్ల చుక్కలు.

మళ్లీ పట్టకుండా

పాచికి కావలసినవి తడి, వెలుతురు, కాస్త మేత. అభిషేకం పాలు, కొబ్బరినీళ్లు, వాడిన పూలు మేత అవుతాయి. రాత్రంతా వెలిగే బల్బులు వెలుతురు ఇస్తాయి, వాటిని గంట రెండు గంటలకే ఆర్పేయడం మేలు. తడి సంగతే అసలు సంగతి. బారువ, సోంపేట వైపు సముద్రపుగాలి తెచ్చే ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి అద్దాన్ని తడిగా ఉంచుతుంది. మహేంద్రగిరి పక్క ఊళ్లలో చలికాలపు మంచు అద్దం లోపల చెమటలా పడుతుంది. అక్టోబరు తుపాన్లకు వాన అడ్డంగా కొట్టి అతుకుల్లోంచి దూరుతుంది. వీటన్నిటికీ గూడుకు ఊపిరి ఆడేలా చేయడమే దారి. ముందు కింద ఒకటి, వెనక పైన ఒకటి చొప్పున అంగుళం రంధ్రాలు పెట్టించి, కందిరీగలు దూరకుండా సన్నటి జాలీ బిగించండి. అద్దానికి రంధ్రం వేయొద్దు, చట్రం రేకుకే వేయించండి. దిమ్మ పైభాగం ముందుకు అడుగుకు పావు అంగుళం వాలుగా ఉండాలి. నీళ్లు పోయే చిల్లు పూడిపోతే కొబ్బరి ఈనెతో పొడిచి తీయండి. పైన 9 అంగుళాల చూరు ఉంటే సగం తడి తగ్గినట్టే.

చిరిగిన అతుకులకు సిలికాన్ పూయిస్తే, రాయి, సిమెంటు ఉన్న చోట వెనిగర్ వాసన వచ్చే రకం కాకుండా 'న్యూట్రల్' అని రాసి ఉన్నది అడగండి. పూసే ముందు అతుకు పూర్తిగా పొడిబారాలి, పూశాక గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా తలుపు తెరిచే ఉంచండి.