డ్రాఫ్ట్‌కి ముందు ఇరగదీసి తర్వాత డీలా పడే కుర్రాళ్లు: లోపం ఎక్కడ వెతకాలి?

సమస్య: ఐస్ హాకీలో డ్రాఫ్ట్ అంటే టీమ్‌లు కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం. ఓహెచ్‌ఎల్‌లో (జూనియర్ లీగ్) పాయింట్ల మీద పాయింట్లు కొట్టాడని (గోల్‌కీ, గోల్‌కి దారితీసిన పాస్‌కీ, అంటే అసిస్ట్‌కీ, ఒక్కో పాయింట్) డ్రాఫ్ట్ లిస్టులో పైకెక్కించిన కుర్రాడు మరుసటి సీజన్‌లో అక్కడే ఆగిపోయాడు.

ముందు పుట్టిన తేదీ చూడండి బాబూ. గంటల తరబడి వీడియోలు చూస్తారు గానీ ఇదొక్కటీ చూడరు. ఎన్‌హెచ్‌ఎల్ (పెద్ద ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌కి ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు కాబట్టి రెండు రోజుల్లో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయి 2016లో మొదటి పిక్‌గా (అందరికన్నా ముందు ఎంపికై) వెళ్లాడు. అలాంటివాడికీ అదే డ్రాఫ్ట్‌లోని ఆగస్టు కుర్రాడికీ దాదాపు ఏడాది తేడా, ఆ వయసులో ఏడాదంటే ఒళ్లే మారిపోతుంది. పెద్దవాడి కిందటి సీజన్ తీసి చిన్నవాడితో పోల్చండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

తేలలేదా? అయితే అసలు దొంగ పవర్ ప్లే (అవతలివాడు పెనాల్టీలో కూర్చుంటే మనకి ఒక మనిషి ఎక్కువగా ఆడే సమయం), దాంతో వచ్చే రెండో అసిస్ట్ (గోల్‌కి దారితీసిన చివరి పాస్‌కి ముందు పాస్). చూడ్డానికి అచ్చం ప్రతిభలాగే ఉంటుంది, అందుకే చేతులు కాలేది ఇక్కడ. మనవాడు గోల్‌కి దూరంగా బ్లూ లైన్ దగ్గర తీరిగ్గా నిలబడి పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) పక్కవాడికి నెడతాడు, వాడు ఇద్దర్ని తప్పించి గోల్ ముందుకి పంపుతాడు, మూడోవాడు కొడతాడు. షీట్‌లో ముగ్గురికీ ఒక్కో పాయింటే! గేమ్ షీట్లు తెరిచి పవర్ ప్లే పాయింట్లు కొట్టేయండి, మిగిలినవాటిలో రెండో అసిస్టులూ కొట్టేయండి. తర్వాత అతని లైన్‌లోని (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) స్టార్ బెంచ్ మీదున్న షిఫ్టులు (మంచు మీద ఒక్కో విడత) మాత్రమే చూడండి: పక్ అందకముందే భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా, తన గోల్ వైపు జోన్‌లోంచి పక్‌ని తనే బయటికి తెస్తున్నాడా, లేక రింక్ పక్క గ్లాస్‌కేసి కొట్టి వదిలించుకుంటున్నాడా?

ఇది రెండు వైపులా పనిచేస్తుంది: అనుమానించినవాడు నిజంగానే మంచి ఆటగాడని కూడా తేలొచ్చు. అలెక్స్ డెబ్రింకాట్ డిసెంబర్‌లో పుట్టాడు, పొట్టివాడు, పైగా ఓహెచ్‌ఎల్ టీమ్ ఈరీలో స్టార్ మెక్‌డేవిడ్ టీమ్‌మేట్. మెక్‌డేవిడ్ వెళ్లిపోయాక కూడా ముందు ఏడాదిలాగే 51 గోల్స్ కొట్టాడు (మరో మంచి టీమ్‌మేట్ స్ట్రోమ్ ఇంకా ఉన్నాడు, ఒప్పుకుంటా). అయినా 2016లో 39వ పిక్ దాకా మిగిలాడు.

డ్రాఫ్ట్ అయ్యాక ఈ లోపం బయటపడితే 18 ఏళ్లవాణ్ణి ఎన్‌హెచ్‌ఎల్ నాలుగో లైన్‌లో (అన్నిటికన్నా తక్కువ ఆడే లైన్) కూర్చోబెట్టకండి. పది మ్యాచ్‌లు నిండకముందే జూనియర్‌కి పంపితే కాంట్రాక్టులో ఏడాది ఖర్చవదు. అక్కడ స్టార్‌తో కాకుండా వేరే లైన్‌లో, పెనాల్టీ కిల్‌లో (మనకి ఒక మనిషి తక్కువున్నప్పుడు కాచుకునే సమయం) ఆడించమని కోచ్‌ని అడగండి.

దాచిన మణికట్టు గాయం, స్కేట్లు సరిపోకపోవడం ఉంటాయి గానీ అరుదు. కోచ్‌కి పడట్లేదంటారా, అది ఏజెంట్లు చెప్పే కథ.