మైండ్‌ఫుల్‌నెస్ ఎలా సాధన చేయాలి? ఇంట్లో సొంతంగా, చికిత్సలో భాగంగా

ఈ క్షణంలో ఒంట్లో, మనసులో, చుట్టూ ఏం జరుగుతోందో మంచీ చెడూ తీర్పు చెప్పకుండా, కావాలని గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. మనసును ఖాళీ చేసుకోవడానికో, ప్రశాంతత తెచ్చుకోవడానికో చేసేది కాదు. ప్రశాంతత వస్తే రావచ్చు, రాకపోయినా సాధన జరిగినట్టే. ఈ సంగతి పట్టుబడకపోవడం వల్లే చాలామంది రెండో వారంలో "నా వల్ల కాదండీ, ఆలోచనలు ఆగట్లేదు" అని మానేస్తారు. ధ్యాస చెదిరిందని కనిపెట్టి, దాన్ని వెనక్కి తెచ్చుకోవడమే ఇందులో కసరత్తు. పది నిమిషాల్లో ఇరవైసార్లు చెదిరితే, ఇరవైసార్లు వెనక్కి తెచ్చుకునే అవకాశం దొరికిందన్నమాట.

దీని మూలాలు బౌద్ధుల సతిపట్ఠాన (ఒంటినీ మనసునూ ఎరుకతో గమనించడం), ఆనాపానసతి (వచ్చీపోయే శ్వాసను గమనించడం) సాధనల్లో ఉన్నాయి. విశాఖవాసులకు ఆ ఊసు కొత్తేమీ కాదు, భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండల మీద భిక్షువులు ఉన్న విహారాల పునాదులు ఇవాళ్టికీ చూడొచ్చు. ఈ సాధన ఆసుపత్రి గుమ్మం తొక్కింది మాత్రం 1979లో. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులు, ఒత్తిడి ఉన్నవారి కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ దానికి కాగ్నిటివ్ థెరపీని (ఆలోచనల తీరును పరిశీలించే మాటల చికిత్సను) జోడించి, డిప్రెషన్ తిరగబెట్టకుండా ఆపే చికిత్సగా మలిచారు. 2000లో వచ్చిన వారి అధ్యయనంలో, అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవారికి అది తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. రెండుసార్లే వచ్చినవారిలో ఆ మేలు కనిపించలేదు. అంటే ఇది సర్వరోగ నివారిణి కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది చూసుకునే వాడాలి.

ముందు చూసుకోవాల్సినవి

చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా ఉన్నా, ఈమధ్యే పెద్ద ప్రమాదమో హింసో ఎదురైనా, ఒంటరిగా కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టకండి. ముందు సైకియాట్రిస్టును కలవండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు రాసిన మందులు వాడుతుంటే సాధన మొదలుపెట్టామని వాటిని ఆపకండి, తగ్గించకండి.

ఆ ఇబ్బందులేవీ లేకపోతే, ఎందుకు చేస్తున్నారో ఒక నోటుబుక్కులో ఒకే వాక్యం రాసుకోండి. "ప్రశాంతంగా ఉండాలి" అని రాస్తే పనికిరాదు. "రాత్రి పడుకోగానే ఆఫీసులో అన్న మాటలే తిరుగుతున్నాయి", "పిల్లవాడి మార్కులు చూడగానే చెయ్యి లేస్తోంది" లాంటివి రాయండి. ఇక్కడ చెప్పేది ఎనిమిది వారాల సాధన, అది అయ్యాక తూచుకోవడానికి ఆ వాక్యమే కొలబద్ద.

చోటు, వేళ, కూర్చునే తీరు

సాగరతీరానికి వెళ్ళి చేయాలని అందరికీ అనిపిస్తుంది. మొదటి రెండు వారాలూ వెళ్ళకండి. అలల హోరు హాయిగా ఉంటుంది, ఆ హాయిలో ధ్యాస చెదిరిన సంగతే తెలియదు. పైగా బీచ్ లేకపోతే కుదరదనే అలవాటు పడుతుంది. ఇంట్లో ఒక మూల, ఫ్యాను కింద, డైనింగ్ టేబుల్ కుర్చీ చాలు. మన తీరపు ఉక్కపోతలో ఫ్యాను లేకుండా కూర్చుంటే పది నిమిషాలూ చెమటతోనే సరిపోతుంది.

కుర్చీలో కాస్త ముందుకు జరిగి, వెన్ను ఆనించకుండా, పాదాలు రెండూ నేలకు తగిలేలా కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు, మోకాళ్ళ నొప్పి ఓర్చుకోవడం ఈ సాధన లక్ష్యం కాదు. కళ్ళు మూసుకోవచ్చు, లేదా మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద చూపు ఉంచవచ్చు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పది నిమిషాలకు టైమర్ పెట్టండి. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవారు గడియారం చూసి వేళ పెట్టుకోవద్దు. "నిద్ర లేచి, మొహం కడుక్కున్నాక" అని పెట్టుకుంటే ఏ షిఫ్టు వారమైనా చెల్లుతుంది. నైట్ షిఫ్టు దిగి రాగానే కూర్చుంటే కునుకే వస్తుంది.

పది నిమిషాల సాధన

ముందు ధ్యాసకు ఒక లంగరు ఎంచుకోండి. మామూలుగా శ్వాసే చెబుతారు. ముక్కు రంధ్రాల దగ్గర గాలి తగలడం గానీ, పొట్ట ఉబ్బి తగ్గడం గానీ, రెండింటిలో మీకు స్పష్టంగా తెలిసేది తీసుకుని ఆ పది నిమిషాలూ అక్కడే ఉండండి. ఆస్తమా ఉన్నవారికి, గుండె దడగా వచ్చే పానిక్ ఉన్నవారికి శ్వాస మీద ధ్యాస పెడితే భయం పెరగవచ్చు. అలాంటివారు అరికాళ్ళు నేలకు తగిలే స్పర్శను గానీ, చుట్టూ వినిపించే చప్పుళ్ళను గానీ ఎంచుకోవాలి. పక్కింటి మిక్సీ, వీధిలో ఆటో హారను, కాకి అరుపు, ఏదైనా సరే. అది ఎవరిది, ఎందుకు అని వెతకకుండా, చప్పుడుగా వినండి.

మొదటి నిమిషం ఒంటి బరువు కుర్చీ మీద ఎక్కడెక్కడ ఆనుతోందో చూడండి. తర్వాత లంగరు దగ్గరికి రండి. శ్వాస ఎలా వస్తే అలా రానివ్వండి. మన దగ్గర చాలామంది యోగా క్లాసులో ప్రాణాయామం నేర్చుకునే ఉంటారు, కాబట్టి తెలియకుండానే ఊపిరిని లోతుగా, లెక్కగా తీసుకోవడం మొదలవుతుంది. వేగంగా, లోతుగా పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే శ్వాసను వదిలేసి అరికాళ్ళకు మారండి. ప్రాణాయామం తప్పు కాదు, అది వేరే సాధన. ఇక్కడ శ్వాసను దిద్దే పని లేదు, చూసే పనే.

కొన్ని క్షణాల్లోనే మనసు ఎటో వెళ్తుంది. వెళ్ళిందని తెలిసిన మరుక్షణం లోపల ఒక్క మాటలో పేరు పెట్టండి: "ప్లాను", "గొడవ", "జ్ఞాపకం", "దిగులు". ఒక్క మాటే. "అయ్యో మళ్ళీ పోయింది" అని తిట్టుకుంటే, దానికీ "తిట్టు" అని పేరు పెట్టి వెనక్కి రండి. టైమర్ మోగగానే గభాలున లేవకుండా, వేళ్ళు కదిపి, గదంతా ఒకసారి చూసి లేవండి.

నోటుబుక్కులో తేదీ, నిమిషాలు, గమనించినది ఒక వాక్యం రాయండి. "బాగా కుదిరింది" అని మార్కులు వేయకండి. "ఎక్కువసార్లు అమ్మ ఆపరేషన్ దగ్గరికే పోయింది, అప్పుడు గొంతు బిగిసింది" అని రాస్తే రేపు మీకో, మీ థెరపిస్టుకో పనికొస్తుంది.

బాడీ స్కాన్

ధ్యాసను ఒంట్లో ఒక్కో భాగం మీదికీ వరసగా తీసుకెళ్ళడమే బాడీ స్కాన్. మూడో వారం నుంచి రోజు విడిచి రోజు దీన్ని చేయండి. కబాట్-జిన్ మొదలుపెట్టిన అసలు కార్యక్రమంలో 45 నిమిషాలు చేయిస్తారు, ఇంట్లో మొదలుపెట్టేవారికి 15 చాలు. చాప మీద వెల్లకిలా పడుకుని, ఎడమ కాలి వేళ్ళతో మొదలుపెట్టి పాదం, పిక్క, మోకాలు, తొడ వరకూ రండి. తర్వాత కుడి కాలు. ఆపై నడుము, పొట్ట, ఛాతీ, వీపు, చేతులు, మెడ, ముఖం, నడినెత్తి. ఒక్కో చోట మూడు నాలుగు శ్వాసలసేపు ఉండండి. వేడి, చల్లదనం, దురద, బిగువు, లేదా ఏమీ తెలియకపోవడం. ఏమీ తెలియకపోవడమూ గమనించదగ్గదే. నొప్పి ఉన్న చోట దాని అంచులు ఎక్కడున్నాయో, పోటా, మంటా, లాగుడా అని చూడండి. మరీ తీవ్రమైతే నొప్పి లేని భాగానికి, అరచేతికో బొటనవేలికో, ధ్యాస మార్చేయండి. ఓర్చుకుని తీరాలనే నియమం లేదు.

నిద్ర పట్టేస్తే కళ్ళు తెరిచి చేయండి, లేదా కూర్చుని చేయండి. రాత్రి నిద్ర కోసం చేస్తే తప్పు లేదు, కానీ దాన్ని ఆ రోజు సాధన లెక్కలో వేసుకోవద్దు.

తినేటప్పుడు, నడిచేటప్పుడు

ఒక్క కిస్మిస్ తీసుకుని, ముడతలు చూసి, వాసన చూసి, నాలుక మీద పెట్టి, నెమ్మదిగా నమిలి, మింగేదాకా గమనించడానికి మూడు నాలుగు నిమిషాలు తీసుకోండి. అనకాపల్లి బెల్లం ముక్కతో చేయకండి, నోట్లో పెట్టగానే కరిగిపోతుంది, నమలడానికేమీ మిగలదు. ఆ తర్వాత రోజూ ఒక పనిని, స్నానమో, గిన్నెలు తోమడమో, ఉదయం టీలో మొదటి నాలుగు గుక్కలో, ఇలాగే చేయండి.

నడకకు డాబా చాలు. పది పదిహేను అడుగులు వెళ్ళి, ఆగి, తిరిగి రండి. మడమ ఎత్తడం, కాలు కదలడం, ఆనడం తెలియాలి. తీరంలో నడవడం ఇప్పుడైతే బాగుంటుంది. తెల్లవారుజామున తడి ఇసుక గట్టిగా ఉండే చోట, నీటికి ఎడంగా నడవండి.

మూడు నిమిషాల విరామం

చికిత్సలో అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఇదే. ఒక నిమిషం: ఇప్పుడు ఏ ఆలోచన, ఏ భావం, ఒంట్లో ఏమవుతోంది? ఉన్నది ఉన్నట్టు మాటల్లో పెట్టండి. రెండో నిమిషం: ధ్యాసంతా శ్వాస మీదికో అరికాళ్ళ మీదికో. మూడో నిమిషం: అక్కడి నుంచి ఒళ్ళంతటికీ, ముఖానికీ, కూర్చున్న తీరుకీ ధ్యాసను విస్తరించండి. చివర్లో "ఇప్పుడు నాకు ఏది చేస్తే మేలు?" అని అడగండి. జవాబు లేచి మంచినీళ్ళు తాగడం కావచ్చు, ఫోన్ చేసి మాట్లాడటం కావచ్చు.

చాలామంది దీన్ని కోపం నెత్తికెక్కాకే మొదటిసారి ప్రయత్నించి, పనిచేయలేదంటారు. ముందు రెండు వారాలు రోజుకు మూడుసార్లు, ఏ ఇబ్బందీ లేనప్పుడు చేయండి. అలవాటు పడ్డాకే గొడవ మధ్యలో గుర్తొస్తుంది. బండి నడుపుతూ మాత్రం చేయవద్దు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, కళ్ళు తెరిచే, హ్యాండిల్ మీద వేళ్ళ బిగువు గమనించి సడలిస్తే చాలు.

థెరపిస్టుతో కలిసి

చికిత్సలో సాధన ఒక సగం, దాని మీద మాట్లాడుకోవడం మరో సగం. సాధన అయ్యాక థెరపిస్టు "ఏం గమనించారు? ఒంట్లో ఎక్కడ తెలిసింది? ఆ ఆలోచన వచ్చాక ఏం చేశారు?" అని అడుగుతారు. పరీక్షలో జవాబులా "ప్రశాంతంగా ఉంది" అని చెప్పకండి. విసుగొస్తే విసుగొచ్చిందనే చెప్పండి, అక్కడే పని మొదలవుతుంది.

ఉదాహరణకు, ఇంటర్ ఫలితాల తర్వాత ఒక విద్యార్థి "నేను ఎందుకూ పనికిరాను" అంటాడు. "కాదు నాన్నా, నువ్వు తెలివైనవాడివి" అని వాదిస్తే ఆ ఆలోచన మరింత పట్టు బిగిస్తుంది. దాన్నే "'నేను ఎందుకూ పనికిరాను' అనే ఆలోచన ఇప్పుడు వచ్చింది" అని చెప్పమంటారు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఛాతీలో ఏమైంది, తర్వాత గది తలుపు వేసుకున్నాడా, అన్నం మానేశాడా అని వరస చూస్తారు. ఆలోచన నిజమా కాదా అని తేల్చకుండానే, దాని వెంట పోకుండా ఉండే చోటు అక్కడ దొరుకుతుంది.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పద్ధతిలో ఎక్కడ శిక్షణ పొందారు? సొంతంగా సాధన చేస్తారా? సాధన మధ్యలో నాకు భయమేస్తే ఏం చేస్తారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? మూడో ప్రశ్నకు "ఏమీ కాదులెండి" అనేవారి దగ్గర ఆగకండి.

తేడా కొడితే

మొదటి వారాల్లో కాస్త చిరాకు, ఏడుపు రావడం జరుగుతుంది, అంతవరకూ అణిచిపెట్టినవి కనిపిస్తాయి కాబట్టి. కానీ పాత భయంకర దృశ్యాలు కళ్ళ ముందుకొస్తుంటే, ఒళ్ళు మీది కానట్టు అనిపిస్తుంటే, నిద్ర చెడిపోతుంటే వెంటనే ఆపండి. కళ్ళు తెరిచి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, పాదాలు నేలకు గట్టిగా అదమండి. తర్వాత రెండు మూడు నిమిషాల నడక సాధనతోనే సరిపెట్టుకోండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

రోజులు తప్పితే లెక్క మొదటికి తేవద్దు, ఆగిన వారం నుంచే కొనసాగించండి. ఐదో వారానికి కూర్చునే సాధన 15 నిమిషాలు, ఏడో వారానికి 20 నిమిషాలు చేయండి. ఎనిమిదో వారం చివర నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీ వాక్యాన్ని చూడండి. రాత్రి ఆఫీసు మాటలు ఇంకా తిరుగుతున్నాయా, తిరిగినా ముందుకన్నా త్వరగా కనిపెడుతున్నారా? రెండోది జరుగుతుంటే, మీకు బాగా కుదిరిన ఒక్క సాధనను ఉంచుకుని మిగతావి తగ్గించుకోండి. ఏ మార్పూ లేకపోతే ఆ నోటుబుక్కు పట్టుకుని సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, అందులోని ఎనిమిది వారాల వాక్యాలతోనే మాట మొదలుపెట్టవచ్చు.