దేవుని చిత్తం అడిగే ముందు నేను రాసుకునే ఒక పేజీ

మూడేళ్ల క్రితం నాకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. "ప్రార్థనలో పెట్టాను" అని అందరికీ చెప్పుకున్నాను గానీ, మొదటి రోజే మనసులో సామాను సర్దేశాను. మోకాళ్ల మీద "ప్రభువా, నీ చిత్తమే" అంటూనే లోపల అద్దె ఇంటి లెక్కలు వేసుకునేదాన్ని. ఒక రాత్రి టెన్షన్ తట్టుకోలేక కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టాను. మొదటి దినవృత్తాంతముల్లో ఎవరి వంశావళో తగిలింది. మళ్లీ తెరిచాను. నచ్చిన జవాబు వచ్చేదాకా తెరుస్తున్నానని అప్పటికి తట్టలేదు.

ఆ తర్వాత యిర్మీయా 42 చదివాను. యెరూషలేము పడిపోయాక మిగిలిన జనం ప్రవక్త యిర్మీయా దగ్గరికొచ్చి, మాకోసం దేవుణ్ణి అడుగు, మేలైనా కీడైనా వింటాం అన్నారు. పది రోజులకు జవాబు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్లొద్దు. నువ్వు అబద్ధమాడుతున్నావని వాళ్లు ఐగుప్తుకే వెళ్లిపోయారు. ఎందుకో తెలియాలంటే ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. 41:17లో వాళ్లు అప్పటికే ఐగుప్తుకు బయల్దేరి బేత్లెహేము దగ్గర మజిలీ చేసి ఉన్నారు. దారిలో ఆగి దారి అడిగారన్నమాట. నన్నే చూసినట్టయింది.

అందుకే ఇప్పుడు ప్రార్థన కంటే ముందు నోటుబుక్కు తీస్తాను. ఒక పేజీలో రెండే ప్రశ్నలు. నాకు ఏం కావాలి? ఏ జవాబు వస్తే నాకు కోపం వస్తుంది? రెండోది నిజాయితీగా రాయడానికి ఒక్కోసారి మూడు నాలుగు రోజులు పడుతుంది. పట్టనివ్వండి. కోరిక ఉండటం తప్పేం కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా, తనకు రాబోయే శ్రమను గిన్నె అంటూ, ముందు "ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించు" అనే అడిగి, ఆ తర్వాతే "నీ చిత్తమే" అన్నాడు. దాచిపెట్టిన కోరికను మాత్రం ప్రార్థనలో అప్పగించలేం.

బైబిల్ వాక్యం ఇప్పటికే తేల్చేసిన సంగతుల మీద ప్రార్థన అక్కర్లేదు. అబద్ధం చెప్పి పని జరుపుకోవాలా అని ఉపవాసం ఉండేదేమీ లేదు.

చదివేటప్పుడు వచనాలు ఏరుకోకుండా ఒక పుస్తకం పట్టుకుని మొదటి నుంచీ వెళ్లండి. యిర్మీయా 29:11 (మీకు మేలు చేయాలన్నదే నా ఉద్దేశం అని దేవుడు చెప్పిన మాట) అందరికీ ఇష్టమైన వాగ్దానం. దాని పై వచనంలోనే, చెరగా వెళ్లిన బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. అది ఎవరూ గోడకు తగిలించుకోరు. నేను రోజూ మూడు ముక్కలు రాస్తాను: ఈ మాట ఎవరికి చెప్పారు, దేవుని గురించి ఏం తెలిసింది, నా విషయానికి తగిలేదేమైనా ఉందా. మూడోది చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. బలవంతంగా నింపకండి.

దేవుణ్ణి గుర్తులు చూపించమని అడగడం మానేశాను. శత్రువుల మీదికి దేవుడు పంపిన గిద్యోను, గుర్తు కోసం రాత్రి గొఱ్ఱెబొచ్చు పరిచాడు నిజమే, కానీ "నీవు సెలవిచ్చినట్లు" అని అతనే అంటున్నాడు. ఏం చేయాలో అతనికి ముందే తెలుసు, లేనిదల్లా ధైర్యం.

సలహాకు ఇద్దరు చాలు. వాళ్లలో కనీసం ఒకరు మీ నిర్ణయం వల్ల లాభం గానీ నష్టం గానీ లేనివాళ్లై ఉండాలి. ఎంత ఆత్మీయులైనా వాళ్ల మాటే ఆఖరు అనుకోవద్దు. దావీదు రాజు దేవునికి మందిరం కడతానంటే ప్రవక్త నాతాను సరే అన్నాడు. ఆ రాత్రే దేవుడు ఆ మాట మార్పించాడు.

ఇంతకీ ఆ ఉద్యోగం విషయంలో నా పేజీలో, నాలుగో రోజు, చివరికి ఏం రాశానంటే: "అన్నయ్యకు దూరంగా పోవాలి." మా మధ్య ఏడాదిగా మాటల్లేవు. మత్తయి 5:24 నాకు కంఠతా వచ్చు: మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని. నలభై రోజులు ఉద్యోగం గురించే అడిగాను గానీ, దీని గురించి ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. ఆఫీసు వాళ్లను వారం గడువు అడిగి, అన్నయ్యకు ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేశాను.