కారు వెనక ఆక్సిల్ బుష్‌లు ఇంటి దగ్గరే మార్చుకోవడం: బోల్టు ఎప్పుడు బిగించాలన్నదే అసలు సంగతి

కొత్త బుష్‌లు (వెనక ఆక్సిల్ బాడీకి తగులుకునే చోట ఉండే రబ్బరు కీళ్లు) వేయించి ఏడాది కూడా కాలేదు, మళ్లీ వెనకాల ఠక్ ఠక్ అంటోంది అనేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. డూప్లికేట్ పార్ట్ అంటగట్టారనో, మన రోడ్లే అంత అనో అనుకుని ఊరుకుంటారు. అవీ కారణాలే, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువ చోట్ల జరుగుతున్నది ఒకటే, బండి స్టాండ్ మీద ఉండి చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బుష్ బోల్టు గట్టిగా బిగించేస్తారు. అది ఎందుకు తప్పో అర్థమైతే ఈ పని మీరు ఇంటి ముందే చేసుకోవచ్చు, గ్యారేజీలో చేయించినా పక్కన నిలబడి "అన్నా, ఆ బోల్టు ఇప్పుడే బిగించకు" అని చెప్పొచ్చు.

స్విఫ్ట్, బలెనో, ఐ20, టియాగో లాంటి బండ్లకు వెనక రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకే బీమ్ ఉంటుంది. దాని రెండు చేతులు ముందుకు వచ్చి బాడీకి తగులుకునే చోట చెరొక పెద్ద బుష్. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీకి పట్టేస్తుంది, బయటి గొట్టం ఆక్సిల్‌తో పాటు కదులుతుంది, అంటే చక్రం లేచి పడిన ప్రతిసారీ ఆ రబ్బరే మెలి తిరగాలి. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితోనే పని. బొలెరోకు వెనక కమాన్ పట్టీలు, ఈకోకు విడివిడి లింకులు ఉంటాయి, వాటి పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేది బీమ్ ఆక్సిల్ గురించే.

నల్లగొండ, పాలమూరు వైపు ఈ రబ్బరుకు కష్టాలు ఎక్కువ. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి. తండాల రోడ్ల మీద రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు దగ్గరికి వెళ్లేదాకా కనిపించవు. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు కదా, ఎదురుగా ట్రాక్టర్ వచ్చిందంటే ఎడమ చక్రాలు తారు దింపాల్సిందే, మళ్లీ పైకి ఎక్కించేటప్పుడు ఆ అంచు దెబ్బ సగం పోయి బుష్ మీదే పడుతుంది.

బుష్ పోయిందని ఎలా తెలుస్తుంది? స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక చక్రాలు దిగేటప్పుడు దబ్ మని మోత, కొంచెం రివర్స్ తీసి బ్రేక్ వేస్తే ఒక్క ఠక్, హైవే మీద లారీని దాటేటప్పుడు స్టీరింగ్ తిప్పాక వెనక భాగం కాస్త ఆలస్యంగా కదిలినట్టు అనిపించడం, టైరు ఒక అంచు మాత్రమే అరగడం. కానీ ముందు డిక్కీ ఖాళీ చేసి ఒక రౌండ్ వేసి రండి. వదులైన స్టెప్నీ, జాకీ, పానాలు చేసే చప్పుడుకు బుష్‌లు మార్పించుకున్నవాళ్లున్నారు. సైలెన్సర్ రబ్బర్లు, షాకబ్జార్బర్ కింది బుష్ కూడా చూడండి.

తర్వాత టార్చ్ వేసి బుష్‌నే దగ్గరగా చూడండి. రబ్బరు మీద పైపైన సన్న గీతలుంటే కంగారు పడొద్దు, అది వయసు. రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ఆ సందులో గోరు దూరుతుంటే, లోపలి గొట్టం మధ్యలో కాకుండా ఒక పక్కకు జారి ఉంటే దాని పని అయిపోయినట్టే. కొన్ని బండ్ల బుష్‌లలో ద్రవం ఉంటుంది, అది పగిలితే చుట్టూ జిడ్డు కారి మట్టి అంటుకుని ఉంటుంది. ఒక పొడవాటి రాడ్ ఆక్సిల్ చేతికీ, అది బాడీకి తగులుకునే బ్రాకెట్‌కూ మధ్య పెట్టి మెల్లగా ఎత్తితే బాగున్న బుష్ కొద్దిగా ఒత్తుకుని వెంటనే వెనక్కి వస్తుంది, పోయినది టక్కుమని అటూ ఇటూ పోతుంది.

బుష్‌లు రెండూ ఒకేసారి మార్చాలి. చాసిస్ నంబర్ చెప్పి కంపెనీ పార్టే తెచ్చుకోండి, బోల్టులు, లాక్ నట్లు కూడా కొత్తవి తీసుకోండి. ఇక పాత బుష్ లాగడానికి, కొత్తది ఎక్కించడానికి ఒక పుల్లర్ కావాలి. దొరక్కపోతే చేయించుకోవచ్చు, మిర్యాలగూడలో రైస్ మిల్లుల పనులు చేసే లేత్ షాపులో అయినా, జడ్చర్లలో ట్రాక్టర్ పనులు చేసే లేత్ దగ్గరైనా కొత్త బుష్ చూపించి రెండు ముక్కలు అడగండి. ఒకటి బుష్ బయటి గొట్టం కన్నా వెడల్పైన మందపాటి పైపు ముక్క, బుష్ మొత్తం దాని లోపలికి దిగాలి. రెండోది బయటి గొట్టం కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉన్న బిళ్ల, మధ్యలో రంధ్రంతో. వెర్నియర్‌తో కొలిచి ఇవ్వండి, అందాజుగా చెప్పొద్దు. వీటి మధ్య నుంచి పోయే థ్రెడ్ రాడ్ హై టెన్సైల్‌దే (గట్టి ఉక్కుదే) అయ్యుండాలి, మామూలు రాడ్ మరలు సగంలోనే తెగిపోతాయి.

బండి ఎత్తకముందే, చదును నేల మీద ఉన్నప్పుడే, వెనక చక్రం సరిగ్గా మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రెండు వైపులా రాసి పెట్టుకోండి. డిక్కీలో బరువేమీ ఉండకూడదు. ఈ కొలత లేకపోతే చివరి పని గుడ్డిగా చేయాల్సి వస్తుంది.

ఇక జాగ్రత్త సంగతి. హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది, వెనక భాగం ఎత్తారంటే హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్టే. కాబట్టి మొదటి గేర్‌లో పెట్టి, ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. మట్టి నేల మీద ఈ పని వద్దు, సిమెంట్ గచ్చు ఉండాలి. బండితో పాటు వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికే, దాని కింద దూరకండి. ఇటుకలు, సిమెంట్ దిమ్మెలు ఒక్కసారిగా పగులుతాయి. జాక్ స్టాండ్లు రెండు బాడీకి గుర్తించిన చోట్ల పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, విప్పిన చక్రాలను కూడా బాడీ అంచు కిందకు తోసి పెట్టండి. ఇంకో మనిషి పక్కనుంటే మంచిది.

ముందు రోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేయాలి. ఎత్తి చక్రాలు విప్పాక బ్రేక్ పైపు క్లిప్పులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ క్లిప్పులు, ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) వైరు క్లిప్పులు ఊడదీయండి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ ఉంటుంది, ఆ సన్న వైరు మరిచిపోయి ఆక్సిల్ దింపితే తెగుతుంది. బ్రేక్ పైపు విప్పాల్సిన అవసరం లేదు, కానీ ఆక్సిల్ బరువు దాని మీద వేలాడకూడదు.

ట్రాలీ జాకీతో ఆక్సిల్‌ను స్ప్రింగ్ కూర్చునే చోటు కింద ఆనించి, షాకబ్జార్బర్ కింది బోల్టులు తీసి, మెల్లగా దింపండి. స్ప్రింగ్‌లు వదులై చేతికి వస్తాయి, ఏది ఏ వైపుదో, ఏ కొస పైకి ఉందో సుద్దతో రాయండి. ఇప్పుడు ఒక వైపు బుష్ బోల్టు పూర్తిగా తీయండి, రెండో వైపుది వదులు చేసి అలాగే ఉంచండి. ఆక్సిల్ చేతిని కిందికి వంచి, మళ్లీ పైకి లేవకుండా బాడీకీ దానికీ మధ్య చెక్క ముక్క ఇరికించండి. కొన్ని బండ్లలో బ్రాకెట్ కూడా బాడీ నుంచి విడిగా వస్తుంది, అది తీయాల్సి వస్తే ముందు చుట్టూ గీత గీసుకోండి, ఎందుకంటే ఆక్సిల్ ఎంత సూటిగా ఉండాలో ఆ బ్రాకెట్టే నిర్ణయిస్తుంది.

పాత బుష్ లాగేముందు దాన్ని బాగా చూడండి. రబ్బరు మధ్యలో ఖాళీలు ఏ దిక్కుకు ఉన్నాయో, దాని మీద బాణం గుర్తు ఎటు చూస్తోందో, ఏ వైపు ఎంత బయటికి పొడుచుకొచ్చిందో ఫొటో తీసి, ఆక్సిల్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి. కొత్తది ఆ గుర్తుకే ఎక్కాలి. ఖాళీలు అటుది ఇటైతే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా అయిపోతుంది, బండి నడక పూర్తిగా పాడవుతుంది.

పుల్లర్ పెట్టి, రాడ్ మరలకు గ్రీజు రాసి, నట్టు తిప్పుతూ పోతే బుష్ కొంచెం కొంచెంగా పైపులోకి వస్తుంది, మొదట వదిలేటప్పుడు పెద్ద చప్పుడు రావొచ్చు, భయపడొద్దు. ఎంతకీ రాకపోతే రబ్బరు కోసి తీసేసి, హాక్సా బ్లేడ్‌తో బయటి గొట్టాన్ని పొడవునా ఒక గీత కోస్తే వదులవుతుంది, కానీ ఆక్సిల్ ఇనుము మీద బ్లేడ్ పడకుండా ఆపాలి. గ్యాస్ కట్టర్‌తో రబ్బరు కాల్చి తీసే అలవాటు కొందరికి ఉంది. ఈ కార్లలో పెట్రోల్ ట్యాంక్ ఆ ఆక్సిల్ ముందరే ఉంటుంది, అక్కడ మంట ఊసే వద్దు.

రంధ్రం లోపల ఎమరీ పేపర్‌తో తుప్పు తీసి, సబ్బు నీళ్లు రాసి కొత్త బుష్ ఎక్కించండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు, డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. ఆముదం రబ్బరును చెడగొట్టదు గానీ ఆరదు, సబ్బు నీళ్లయితే పని అయ్యాక ఆరిపోయి పట్టు వస్తుంది. మొదటి కొన్ని మిల్లీమీటర్లు వంకర పోకుండా నాలుగు వైపులా చూసుకుంటూ ఎక్కించండి, వంకర అనిపిస్తే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి, సుత్తెతో సరిచేయొద్దు.

రెండో వైపుదీ ఇలాగే మార్చి, రెండూ అయ్యాక ఆక్సిల్ చేతులు బ్రాకెట్లలోకి ఎక్కించి బోల్టులు దూర్చి నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పండి. స్ప్రింగ్‌లు, షాకబ్జార్బర్లు కూర్చోబెట్టండి. ఇక్కడ ఆగాలి. ఇప్పుడు బిగిస్తే, చక్రాలు వేలాడుతున్న స్థితిలో లోపలి గొట్టం పట్టేస్తుంది. బండి కిందికి దిగి చక్రాలు మామూలు ఎత్తుకు రాగానే రబ్బరు పిండిన బట్టలా మెలి పడి ఉంటుంది, బండి ఊరికే నిలబడి ఉన్నా సరే. ఆపైన ప్రతి గుంత ఆ మెలికను ఇంకా పెంచుతుంది, చివరికి చిరుగుతుంది.

అందుకే జాకీని ఒక వైపు స్ప్రింగ్ చోటు కింద పెట్టి, మీరు రాసుకున్న కొలత వచ్చేదాకా ఆక్సిల్‌ను ఎత్తండి, అప్పుడు ఆ వైపు బోల్టు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో అంకెలో చూపే పానాతో) బిగించండి. బీమ్ నడిమధ్యలో జాకీ పెట్టొద్దు, వంగుతుంది. ఆ ఎత్తుకు వచ్చేసరికి బండి బరువు చాలావరకు జాకీ మీదికి వస్తుంది, బాడీ స్టాండ్ మీద నుంచి లేవబోతుందేమో చూసుకుంటూ, తల కింద పెట్టకుండా పక్క నుంచే పొడవాటి హ్యాండిల్‌తో బిగించండి. షాకబ్జార్బర్ కింది బోల్టులు కూడా ఇదే ఎత్తులో. టార్క్ అంకె ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది, మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి, ఊళ్లో ఎవరో చెప్పింది కాదు.

క్లిప్పులన్నీ తిరిగి పెట్టి, బ్రేక్ పైపు మెలి పడలేదని చూసి, చక్రాలు బిగించి దింపండి. ఏబీఎస్ లైటు వెలిగి ఆరుతోందా, హ్యాండ్ బ్రేక్ పడుతోందా చూశాకే రోడ్డెక్కండి. ఖాళీ రోడ్డు మీద నిదానంగా వెళ్లి బ్రేక్ రెండు మూడుసార్లు కొట్టి చూడండి. 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టుల టార్క్ మళ్లీ ఒకసారి సరిచూసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఈ రకం ఆక్సిల్‌లో చాలా బండ్లకు వెనక సర్దుబాటు ఉండదు, అయినా వెనక చక్రాల రీడింగ్ కూడా తీయమనండి. రెండు వైపులా తేడా ఎక్కువ కనిపిస్తే బ్రాకెట్ సరిగ్గా కూర్చోలేదేమో, ఆక్సిలే వంగిందేమో చూడాలి.