ఇంటెలిజెంటా, ఇంటలెక్చువలా?

మా మేనల్లుడు మొన్న కాలేజీ అప్లికేషన్‌లో "ఐ యామ్ యాన్ ఇంటలెక్చువల్ స్టూడెంట్" అని రాసుకున్నాడు. తెలివైనవాణ్ణని చెప్పడం వాడి ఉద్దేశం. కానీ మనిషి విషయంలో ఇంటలెక్చువల్ అంటే మేధావి. పుస్తకాలు, సిద్ధాంతాలు, చర్చలే లోకంగా ఉండేవాళ్లకు నప్పే మాట. చురుగ్గా నేర్చుకునే కుర్రాడికి ఇంటెలిజెంట్ సరిపోతుంది. అదే ఆటకో పనికో చెబితే ఇంటలెక్చువల్ చక్కగా కుదురుతుంది: "చెస్ ఈజ్ యాన్ ఇంటలెక్చువల్ గేమ్".

క్లెవర్ దగ్గర కాస్త ఆగండి. "దట్స్ ఎ క్లెవర్ ఐడియా" అంటే మెచ్చుకోలే. "హి ఈజ్ టూ క్లెవర్" అంటే మాత్రం మన 'అతి తెలివి' ధ్వనిస్తుంది. అందుకే సిఫార్సు లేఖ రాసేటప్పుడు నేను క్లెవర్ జోలికి పోను, బ్రైట్ అని రాస్తాను.

వైజ్‌కి మార్కులతో పని లేదు, అది వివేకం. "మై గ్రాండ్‌మదర్ నెవర్ వెంట్ టు స్కూల్, బట్ షి ఈజ్ వెరీ వైజ్." బడి గడప తొక్కకపోయినా ఇంటి తగవులు తీర్చే అమ్మమ్మకు ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఇక్కడ ఇంటెలిజెంట్ అన్నా తప్పు కాదు గానీ, ఆ పెద్దరికం రాదు.

"యు లుక్ స్మార్ట్" అంటే సాధారణంగా బట్టల గురించే.

ఇంకొకటి, "హి హాజ్ గుడ్ బ్రెయిన్" కాదు, "హి హాజ్ ఎ గుడ్ బ్రెయిన్". తెలుగులో ఆ 'ఎ'తో పని లేదు కాబట్టి మనకు తరచూ జారిపోతుంది.