కీబోర్డ్‌కి పాతకాలం శృతి పెట్టడం ఎలా? కిర్న్‌బర్గర్ 3తో మొదలెట్టండి

ముందు ఒక పని చేయండి. ఫోన్లో తంబూరా యాప్ సి శృతికి పెట్టి, కీబోర్డ్ మీద ఇ నొక్కి పట్టుకోండి, అంటే మన అంతర గాంధారం. కాస్త పైకి ఉన్నట్టు గుచ్చుకుంటుంది కదా, మీ చెవి బానే ఉంది. తంబూరా మంద్ర షడ్జమం తీగలోంచి దానంతటదే పలికే గాంధారం సి నుంచి 386 సెంట్లు, కీబోర్డ్‌ది 400 (కీబోర్డ్ మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). గొడవంతా ఆ 14 సెంట్ల గురించే.

పోనీ అన్నీ సరిచేసేద్దామంటే కుదరదు, ఎందుకంటే స-ప దూరాలు 12 ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే మళ్ళీ సి దగ్గరకి రావాలి కానీ రాదు. 3/2ని 12 సార్లు గుణిస్తే 129.75 దాకా వస్తుంది, 7 ఆక్టేవ్‌లంటే (స నుంచి పై స దాకా ఒక ఆక్టేవ్) 128 మాత్రమే. ఎక్కువొచ్చిన ఆ ముక్క 23.5 సెంట్లు, దాన్ని ఎవరి నెత్తిన రుద్దాలన్నదే టెంపరమెంట్. ఇప్పటి కీబోర్డ్ 12 పంచమాలకీ సమానంగా పంచేసింది. 16వ శతాబ్దంలో మీన్‌టోన్ అనే శృతి పద్ధతిలో ఎనిమిది గాంధారాలు చక్కగా కుదిరి, జి షార్ప్-ఇ ఫ్లాట్ పంచమం మాత్రం ఊళపెడుతుంది, దానికి తోడేలు అనే పేరు పెట్టారు! జర్మన్ స్వరకర్త బాఖ్ శిష్యుడు కిర్న్‌బర్గర్ మూడో పద్ధతిలో ఆ తోడేలు ఉండదు, పైగా చెవితోనే పెట్టుకోవచ్చు, అందుకే నేనైతే దీంతోనే మొదలెట్టమంటాను.

హార్ప్సికార్డ్ (తీగల్ని మీటి పలికించే పాత కీబోర్డ్ వాద్యం) అయితే ఒక్క వరస తీగలే ఆన్‌లో ఉంచండి. పియానో జోలికి మాత్రం పోకండి, రెండొందలకి పైగా తీగలు, మామూలు బిగువు కాదు.

మిడిల్ సి (కీబోర్డ్ మధ్యలో ఉండే సి) ని ట్యూనింగ్ ఫోర్క్‌తో కలపండి. దానికి పైనున్న ఇ ని కలపండి, రెండూ కలిపి నొక్కితే వావ్ వావ్ మని ఊగకుండా నిలబడిపోవాలి. ఇక ఈ ఇ ని ముట్టుకోవద్దు. ఇప్పుడు అసలు కష్టం: సి-జి-డి-ఎ-ఇ, ఈ నాలుగు పంచమాల్నీ తలా కొంచెం ఇరుకు చేయాలి. జి ని ముందు సి తో ఊగకుండా కలిపి, తర్వాత రెండు సెకన్లలో అయిదు సార్లు ఊగేదాకా కిందకి దించండి. ఆ జి ని ఆక్టేవ్ కిందకి తెచ్చుకుని దాన్నుంచి డి, ఇక్కడ ఊపు ఇంకాస్త నెమ్మది, సెకనుకి రెండు లోపే. డి నుంచి పై ఎ, ఇది సెకనుకి మూడుకి దగ్గర. ఆ ఎ ని ఆక్టేవ్ దించి మనం వదిలేసిన ఇ తో నొక్కి చూడండి, సెకనుకి రెండు సార్లు ఊగితే మీ పంట పండినట్టే. మరీ వేగంగా ఊగుతుంటే ముందు మూడూ సరిపడా దించలేదని, అసలు ఊగకపోతే ఎక్కువ దించేశారని. నాకు మొదటిసారి ఈ నాలుగింటికే గంట పట్టింది, విసుగొచ్చి టీ తాగొచ్చి మళ్ళీ కూర్చున్నా.

మిగతావి తేలికే, ఏదీ ఊగకూడదు అంతే. ఇ నుంచి బి, బి నుంచి ఎఫ్ షార్ప్. ఇటు సి నుంచి కిందకి ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్ (జి షార్ప్ మెట్టే), డి ఫ్లాట్ (సి షార్ప్ మెట్టే). చివర్లో ఎఫ్ షార్ప్-డి ఫ్లాట్ మధ్య 2 సెంట్లు తేడా మిగులుతుంది, వదిలేయండి.

డిజిటల్ కీబోర్డ్ అయితే మెనూలో టెంపరమెంట్ అనో స్కేల్ ట్యూనింగ్ అనో వెతకండి, పేరు లేకపోతే ఈ అంకెలు కొట్టండి: సి 0, సి షార్ప్ -10, డి -7, ఇ ఫ్లాట్ -6, ఇ -14, ఎఫ్ -2, ఎఫ్ షార్ప్ -10, జి -3, జి షార్ప్ -8, ఎ -10, బి ఫ్లాట్ -4, బి -12. ఎ 440 హెర్ట్జ్ దగ్గరే ఉండాలంటే అన్నిటికీ 10 కలపండి. ఒక్క మాట, ఇదంతా సి చుట్టూ కట్టింది, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే కొన్ని కీబోర్డుల్లో ఈ శృతి కూడా దాంతోపాటే పక్కకి జరిగిపోతుంది, కొన్నింటిలో జరగదు. అందుకే ట్రాన్స్‌పోజ్ సున్నాలో పెట్టి సి మేజర్ వాయించండి, వెంటనే డి ఫ్లాట్ మేజర్ వాయించండి. మొదటిది తంబూరాలా నిలబడి, రెండోది కరుగ్గా ఊగితే అంకెలు సరిగ్గా ఎక్కినట్టే.